పాస్‌వర్డ్ తప్పంటోందా? అడిగేదెవరో ముందు చూడండి

అందరికీ నమస్కారం.

ఒకరోజు పొద్దున్నే మీటింగుకు టైమవుతోందని హడావుడిగా ల్యాప్‌టాప్ తెరిచాను. పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. ఒక్కో మీట చూసుకుంటూ నిదానంగా మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. రోజుకు పదిసార్లు కొట్టే పాస్‌వర్డ్ అది, నాకంటే నా వేళ్లకే బాగా గుర్తు. నాలుగోసారికి నా మీద నాకే అనుమానం మొదలైంది. రాత్రి నిద్రమత్తులో నేనే మార్చేశానా? ఐదోసారి కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆ గడి చివర ఉండే కంటి బొమ్మను నొక్కి పట్టుకున్నాను. @ ఉండాల్సిన చోట " కనిపించింది.

కీబోర్డు అమెరికా ఇంగ్లిష్ నుంచి బ్రిటన్ ఇంగ్లిష్‌కు మారిపోయింది, అంతే. బ్రిటన్ అమరికలో షిఫ్ట్‌తో 2 నొక్కితే " పడుతుంది. @ ఏమో ఎంటర్ దగ్గరికి పోతుంది. తెర మీద చుక్కలే కాబట్టి లెక్క సరిగ్గానే ఉంటుంది, అనుమానం రాదు. విండోస్ మీటతో పాటు స్పేస్ నొక్కితే అమరిక మారుతుంది. మనం తెలియక నొక్కేదీ అదే, సరిచేసేదీ అదే. తెలుగు కీబోర్డు కూడా పెట్టుకున్నవాళ్లు లాగిన్ తెర కింద కుడివైపు ఏ భాష ఉందో ఓసారి చూసుకోండి.

‘పాస్‌వర్డ్ తప్పు’ అంటే మీరు మర్చిపోయారని కాదు. తనకు అందింది తన దగ్గరున్నదానితో కలవలేదని మాత్రమే యంత్రం చెబుతోంది. ఏం అందిందో చూడకుండా రీసెట్‌కు పరుగెత్తకండి.

క్యాప్స్ లాక్ సంగతి అందరికీ తెలుసు. నమ్ లాక్ అంతకంటే మాయదారిది. అంకెల మీటలు విడిగా లేని కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో అది ఆన్ అయితే జె, కె, ఎల్ నొక్కినా 1, 2, 3 పడతాయి. యు, ఐ, ఓ నొక్కితే 4, 5, 6. ఇంకోటి, కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ కావచ్చు. ఆ తర్వాత మామూలుగా టకటకా కొడితే అక్షరాలే పడవు. కీబోర్డు పాడైందనుకుని కొత్తది కొనడానికి బయల్దేరేది ఇలాంటప్పుడే. మీట నిజంగానే పోయిందేమోనన్న అనుమానం ఉంటే, లాగిన్ తెర మూలన మనిషి బొమ్మలో ఆన్‌స్క్రీన్ కీబోర్డు ఉంటుంది, మౌస్‌తో కొట్టి చూడండి.

పిన్ చాలాసార్లు తప్పితే విండోస్ ఏ1బి2సి3 అని ఇంగ్లిష్‌లో టైప్ చేయమంటుంది. వైరస్ అనుకుని కంగారుపడినవాళ్లున్నారు. కొడుతున్నది మనిషేనా, మీటలు సరిగ్గా పడుతున్నాయా అని చూసుకోవడమే అది.

ఇక, అడుగుతున్నదెవరు? ఆన్ చేయగానే, విండోస్ రాకముందే ఒక బోసి గడి అడిగితే అది బయోస్ పాస్‌వర్డ్. బయోస్ అంటే విండోస్ కంటే ముందే కంప్యూటర్‌ను లేపే, మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రామ్. విండోస్ పాస్‌వర్డ్‌తో దానికి సంబంధం లేదు. మదర్‌బోర్డు మీది బ్యాటరీ తీస్తే పోతుందనే చిట్కా పాత డెస్క్‌టాప్‌ల నాటిది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది కరెంటు లేకపోయినా చెరగని చిప్‌లో ఉంటుంది. కొన్న రసీదు పట్టుకుని తయారీదారు దగ్గరికి వెళ్లడమే దారి.

విండోస్ తెరలోనూ పిన్ వేరు, ఖాతా పాస్‌వర్డ్ వేరు. పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే చెల్లుతుంది. ఫోన్‌లో ఖాతా పాస్‌వర్డ్ మార్చారనుకోండి, నెట్ లేని ల్యాప్‌టాప్‌కు ఆ కబురు అందదు. పాతదే అడుగుతూ కూర్చుంటుంది. అందుకే కొత్తది పనిచేయకపోతే లాగిన్ తెర మీదే వైఫై కలపండి, లేదా పాతది కొట్టండి.

లినక్స్ వాడేవాళ్లకు ఒక్క మాట. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడకపోవడం మామూలే. పాస్‌వర్డ్ ఒప్పుకుని మళ్లీ లాగిన్ తెరకే తిప్పి పంపితే మాత్రం తప్పు పాస్‌వర్డ్‌ది కాదు, డిస్క్ నిండిపోయిందేమో చూడండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగే బిట్‌లాకర్, అంటే డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం. బయోస్ అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. మేమెప్పుడూ లాక్ పెట్టలేదే అంటారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి సైన్ ఇన్ అయినప్పుడే చాలా ల్యాప్‌టాప్‌లలో అది దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగమవుతుంది కాబట్టి, కాగితం మీద రాసుకున్నదాంట్లో ఏ గుంపు తప్పిందో క్యాలిక్యులేటర్‌తో పట్టుకోవచ్చు. అంకెల మీట పనిచేయకపోతే పై వరసలోని ఎఫ్1 నుంచి ఎఫ్10 వరకు వాడొచ్చు, ఎఫ్10 అంటే సున్నా. అయితే ఆ కీ ఎక్కడా దొరక్కపోతే డిస్క్‌లోని ఫొటోలు, ఫైళ్లు ఏ మెకానిక్కూ తెచ్చివ్వలేడు.

సరే, ఇప్పుడు ఫోన్లు తీయండి. బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, పరికరాల పేజీలో మీ ల్యాప్‌టాప్ పేరు కింద రికవరీ కీ ఉందో లేదో చూద్దాం. కనిపించనివాళ్లు చెయ్యెత్తండి, నేనే మీ దగ్గరికొస్తాను.