సూది పెట్టే ముందు ఆగి చూడండి: ఛాతీలో గడ్డలా కనిపించే రక్తనాళాలు

అందరికీ నమస్కారం. ఇవాళ్టి వీడియో ముఖ్యంగా రేడియాలజీ పీజీలకి, పల్మనాలజీ వాళ్లు చూసినా పనికొస్తుంది. ఛాతీ ఎక్స్‌రేలో గుండ్రటి నీడ కనపడగానే మనకి టీబీ, క్యాన్సర్, లింఫ్ నోడ్స్ ఇవే గుర్తొస్తాయి, అది రక్తనాళమేమో అన్న ఆలోచన ఎక్కడో చివర్లో వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. రాకపోతే బయాప్సీ సూది నేరుగా రక్తంలోకి దిగుతుంది.

ముందు ఒక కేసు చెప్తా. నేను పీజీలో ఉన్నప్పుడు ఒకావిడని, ముప్పై ఏళ్లుంటాయేమో, సీటీ గైడెడ్ బయాప్సీకి పంపారు. బయట తీయించిన ప్లెయిన్ సీటీ (కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసింది), అవీ మందపాటి స్లైసులు, కుడి లోయర్ లోబ్‌లో నున్నటి అంచుతో రెండు సెంటీమీటర్ల నాడ్యూల్ (చిన్న గుండ్రటి ముద్ద). బోర్లా పడుకోబెట్టి వీపు మీద మార్కింగ్ కూడా చేసేశాం. అప్పుడు మా సార్ వచ్చి సన్న స్లైసులు తీయమన్నారు, స్క్రోల్ చేస్తుంటే హైలమ్ (ఊపిరితిత్తిలోకి నాళాలు వెళ్లే చోటు) వైపు నుంచి ఒక లావుపాటి గొట్టం వచ్చి ఆ నాడ్యూల్‌లో కలుస్తోంది, ఇంకోటి అందులోంచి బయల్దేరి లెఫ్ట్ ఏట్రియం వైపు పోతోంది. పల్మనరీ ఏవీఎం, అంటే ఊపిరితిత్తిలో ధమని మధ్యలో సన్న నాళాలు లేకుండా నేరుగా సిరలో కలిసిపోవడం. సార్ లోపలికెళ్లి "అమ్మా, ముక్కులోంచి రక్తం కారుతుంటుందా" అనడిగితే "చిన్నప్పట్నుంచీ అంతే సార్, వేడి చేసిందని మజ్జిగ తాగేదాన్ని, మా నాన్నకీ ఉంది" అంది. కింది పెదవి మీద ఆవగింజంత ఎర్రచుక్కలు మూడు నాలుగు. మేమెవ్వరం చూడలేదు వాటిని. ట్రేలో సూది అప్పటికే విప్పి పెట్టుంది, తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పల్మనరీ ఏవీఎంలు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య జబ్బు ఉంటుంది (ముక్కులోంచి రక్తం, పెదవి మీద ఎర్రచుక్కలు దాని గుర్తులే), తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ సగం ఛాన్స్. ఊపిరితిత్తుల ఫిల్టర్ తప్పించుకుని చిన్న రక్తపు గడ్డో బ్యాక్టీరియానో నేరుగా మెదడుకి చేరితే స్ట్రోక్, బ్రెయిన్ యాబ్సెస్ వస్తాయి. అందుకే వీళ్లకి కాంట్రాస్ట్ ఎక్కించాల్సొస్తే ట్యూబులో గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. అసలు డయాగ్నసిస్‌కి సన్న స్లైసుల ప్లెయిన్ సీటీ, దాని మీద ఎంఐపీ (స్లైసులు కలిపి నాళాలు గొట్టాల్లా కనపడేలా చేసే బొమ్మ) చాలు.

మీడియాస్టినమ్‌లో (రెండు ఊపిరితిత్తుల మధ్య చోటు) గడ్డ ఉంటే మాత్రం కాంట్రాస్ట్ కావాల్సిందే, ఎందుకంటే ప్లెయిన్‌లో రక్తం 40 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రత కొలత) దగ్గర ఉంటుంది, మామూలు ట్యూమర్ కూడా అటూ ఇటూగా అంతే, నంబర్ చూసి ఏం తేలదు. కాంట్రాస్ట్ ఇచ్చాక ఒక ఆర్‌ఓఐ (సాంద్రత కొలిచే చిన్న వృత్తం) గడ్డలో పెట్టండి, ఒకటి పల్మనరీ ఆర్టరీలో, ఒకటి అయోర్టాలో. ఆర్టీరియల్ ఫేజ్‌లోనూ తర్వాతి ఫేజ్‌లోనూ గడ్డ మెరుపు ఏ నాళంతో పాటు పెరిగి దాంతో పాటే తగ్గుతుందో గడ్డ ఆ నాళానికి చెందిందే. క్యాసిల్‌మన్, పారాగ్యాంగ్లియోమా లాంటి రక్తం బాగా అందే గడ్డలు కూడా బాగా మెరుస్తాయి కానీ మామూలుగా అయోర్టాతో సమానంగా అయితే రావు. ఇక్కడ పెద్ద మోసం త్రాంబస్, అంటే నాళంలో గడ్డకట్టిన రక్తం. ఎన్యూరిజమ్ (ఉబ్బిన నాళం) సగం గడ్డకట్టేస్తే నడిమధ్య కాస్తే మెరుస్తుంది, చుట్టూ బూడిద రంగు, నెక్రోటిక్ (లోపల చచ్చిపోయిన) ట్యూమర్ అని రాసేస్తాం. అంచున వంపు తిరిగిన కాల్షియం గీత ఉందేమో వెతకండి, కొరోనల్, సాజిటల్ రెండింట్లోనూ నాళంతో కలుస్తోందేమో చూడండి.

బైపాస్ అయినవాళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆపరేషన్ అయిన పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండె అంచునే గడ్డ కనపడితే, ఎక్స్‌రేలో స్టెర్నల్ వైర్లుంటే, కాలి నుంచి తీసి వేసిన వెయిన్ గ్రాఫ్టే ఉబ్బిందేమో అని ముందు అనుమానించండి. కాలి మీద కోత మచ్చ చూస్తే సగం పని అయిపోతుంది.

ఇంకొకటి అజైగస్, ఛాతీలో కుడి పక్కనుండే సిర. కుడి పక్క ట్రాకియా దగ్గర నున్నటి గడ్డ, పడుకుని తీస్తే పెద్దది, నిలబడి తీస్తే చిన్నది అంటే అది సిర అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఛాతీ దగ్గరే ఆగిపోకుండా లివర్ దాకా దిగండి. ఐవీసీ (కింది శరీరం రక్తం గుండెకి తెచ్చే పెద్ద సిర) అక్కడ లేకుండా హెపాటిక్ వెయిన్స్ నేరుగా రైట్ ఏట్రియంలోకి వెళ్తుంటే ఐవీసీ రక్తమంతా అజైగస్‌లోంచే వస్తోందన్నమాట. ఈ మాట రిపోర్టులో లేక సర్జన్ దాన్ని కట్టేస్తే మనిషి దక్కకపోవచ్చు.

మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి రాస్ముసెన్ ఎన్యూరిజమ్ కూడా మర్చిపోకండి, పాత క్యావిటీ (టీబీ చేసిన గుంట) గోడలో పల్మనరీ ఆర్టరీ కొమ్మ బుడగలా ఉబ్బుతుంది, దగ్గితే రక్తం. క్యావిటీలో గుండ్రటి ముద్ద కనపడగానే ఫంగల్ బాల్ (ఫంగస్ ముద్ద) అనేయకుండా కాంట్రాస్ట్‌లో మెరుస్తోందా లేదా చూడండి, ఫంగల్ బాల్ మెరవదు.

రిపోర్టులో ఏ నాళం, ఎక్కడ మొదలు, ఎంత సైజు, త్రాంబస్ ఎంత, ఏవీఎం అయితే ఫీడింగ్ ఆర్టరీ ఎన్ని మిల్లీమీటర్లు, ఇవన్నీ రాయండి, 2-3 మిల్లీమీటర్లు దాటితే ఎంబొలైజేషన్ (నాళాన్ని లోపలినుంచి మూసేయడం) ఆలోచిస్తారు. బయాప్సీ చేయొద్దు అని మొదటి లైన్లోనే పెట్టండి, పెట్టి వార్డుకి ఫోన్ కూడా చేయండి, రిపోర్ట్ చేరేలోపు పేషెంట్ ఇంకో చోట బయాప్సీకి వెళ్లిపోవచ్చు.