రెండు వేళ్ల బ్లూస్

శ్రోతలకు నమస్కారం. డెన్నీ జైట్లిన్ మనోవైద్యులు. జాజ్ పియానిస్టు కూడా. 1938లో షికాగోలో పుట్టారు. జాన్స్ హాప్కిన్స్‌లో వైద్యం చదువుతుండగానే కొలంబియా అనే రికార్డుల కంపెనీకి వాయించారు. ఆయన కట్టిన 'క్వైట్ నౌ' అనే బాణీని పేరున్న జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ పదే పదే వాయించారు. ఇంత జరిగినా వైద్యం మానలేదు, పియానో మూయలేదు.

అంతటి చేయి అందరికీ రాదనుకోండి. కానీ ఉద్యోగం చేసుకుంటూ జాజ్ పట్టుకున్నవాళ్లకి రోజుకో పావుగంట దొరుకుతుంది. ఆ పావుగంటా స్కేళ్లకే, అంటే స్వరాల్ని వరసగా ఎక్కిదిగే సాధనకే పోతుంటే చూడ్డానికి బాధేస్తుంది. దాని బదులు ఎఫ్ బ్లూస్, అంటే ఎఫ్ స్వరం ఆధారంగా నడిచే బ్లూస్ పాట వాయించండి.

బ్లూస్ ఒక చుట్టుకి బార్లు అనే 12 భాగాలు, బార్‌కి తాళంలో నాలుగు దెబ్బలు. ఒక్కో బార్‌కి ఒక కార్డు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు. మొదటి నాలుగు బార్లు ఎఫ్ సెవెన్ అనే కార్డు. తర్వాత రెండు బీ ఫ్లాట్ సెవెన్, మళ్లీ రెండు ఎఫ్ సెవెన్. తొమ్మిదోది సీ సెవెన్, పదోది బీ ఫ్లాట్ సెవెన్, చివరి రెండూ ఎఫ్ సెవెన్.

ఇప్పుడు ఎడమచేయి. పియానో నడిమి 'సీ' మెట్టుకి ఎడమపక్క, 'ఈ ఫ్లాట్' అనే నల్ల మెట్టు మీద ఒక వేలు, దానికి పైన, అంటే కుడివైపునున్న 'ఏ' అనే మెట్టు మీద ఒక వేలు. ఎఫ్ సెవెన్ వచ్చేసింది. ఎఫ్ నొక్కనే లేదే అంటారా? అది బాస్ అనే మంద్రస్వరాల వాద్యం వాయించేవాళ్ల పని. ఒంటరిగా ఉంటే నోటితో పాడుకోండి. బీ ఫ్లాట్ సెవెన్‌కి రెండు వేళ్లూ ఒక్కో మెట్టు కిందికి, అంటే ఎడమకి: 'డీ', 'ఏ ఫ్లాట్'. సీ సెవెన్‌కి ఎఫ్ సెవెన్ నుంచి ఒక్కో మెట్టు పైకి: 'ఈ', 'బీ ఫ్లాట్'. నల్ల మెట్లు కూడా లెక్కే సుమా. రెండు వేళ్లు, ఒక మెట్టు కింద, ఒక మెట్టు పైన. మూడు కార్డులూ అందులోనే ఉన్నాయి.

మెట్రోనోమ్, అంటే టిక్కుటిక్కుమని లయ చూపే పరికరాన్ని, నిమిషానికి 40 టిక్కుల మీద పెట్టండి. ఆ టిక్కు ఒకటో దెబ్బ కాదు. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ. ముందు వాయించకుండా "రెండు... నాలుగు..." అని టిక్కుతో పాటు పలకండి, తర్వాత మధ్యలో ఒకటీ మూడూ చేర్చండి. పాట నిమిషానికి 80 దెబ్బల వేగంలో నడుస్తుంది, ఒక చుట్టు 36 సెకన్లు. పది నిమిషాల్లో పదహారు చుట్లు.

తప్పేది రెండు చోట్ల. కాసేపయ్యాక చెవి మోసం చేసి టిక్కునే ఒకటిగా వినిపిస్తుంది, ఎందుకంటే బలమైన శబ్దం దగ్గరే మొదలుపెట్టడం దానికి అలవాటు. అప్పుడు సర్దుకుంటూ లాక్కురాకండి, ఆపేసి నోటి లెక్కతో మళ్లీ ఎత్తుకోండి.

రెండోది పదో బార్. సీ సెవెన్ నుంచి బీ ఫ్లాట్ సెవెన్‌కి ఒక్కో వేలు రెండు మెట్లు దిగాలి. అప్పటిదాకా ఒక్క మెట్టుకే అలవాటుపడ్డ చేయి అక్కడ ఎఫ్ సెవెన్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఎనిమిది నుంచి పదకొండు దాకా, ఆ నాలుగు బార్లే పదిసార్లు తిప్పండి. అవి తడబడకుండా వచ్చేదాకా కుడిచేయి ఒళ్లోనే ఉండనివ్వండి.