గుంటూరు వెళ్లి వచ్చేంత కరెంటు

అందరికీ నమస్కారం. ఎప్పుడూ అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో మా గ్యారేజీ నుంచి మాట్లాడే నేను ఈసారి విజయవాడ పటమటలో, మా బాబాయి ఇంటి వాకిట్లో ఉన్నాను. వెనుక కనిపిస్తున్న తెల్ల కారు బాబాయిది, ఇన్నోవా హైక్రాస్. ఇందులో గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా మేనత్త ఇంటికి బయలుదేరుతున్నాం. దారిలో మా ప్లగిన్ హైబ్రిడ్, అంటే ప్లగ్గు పెట్టి ఛార్జి చేస్తే కరెంటు మీద, లేకపోతే పెట్రోలు మీద నడిచే కారు, కబుర్లు చెబుతాను. మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు, ఇప్పుడు బాబాయి కూడా పట్టుబట్టారు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర బాబాయి అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. "మీ కారూ హైబ్రిడే, నా కారూ హైబ్రిడే. నువ్వేమో రోజూ రాత్రి ప్లగ్గు పెడతానంటావు. నా బండికి ప్లగ్గు పెట్టే చోటే లేదేమమ్మా?"

హైక్రాస్‌లో ఉన్న బ్యాటరీ చాలా చిన్నది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి దాచుకుని, బండి మళ్లీ కదిలేటప్పుడు తిరిగి ఇస్తుంది. ఆ కారు తాగేది మాత్రం పెట్రోలు ఒక్కటే. మా టయోటా రావ్4 ప్రైమ్‌లో 18.1 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉంది. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 18 యూనిట్లు పట్టే డబ్బా. అందులో కొంత భాగాన్ని కారు ఎప్పుడూ అట్టే పెట్టుకుంటుంది, మొత్తం వాడనివ్వదు. నిండా ఛార్జి చేస్తే అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 42 మైళ్లు, అంటే సుమారు 67 కిలోమీటర్లు, ఇంజిన్ ఊసు లేకుండా కరెంటు మీదే నడుస్తుంది. అది అయిపోతే దారిలో ఆగిపోదు, హైక్రాస్ లాగే పెట్రోలు హైబ్రిడ్‌గా మారిపోతుంది.

67 కిలోమీటర్లంటే ఎంత? విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి తిరిగి వచ్చేంత. ఊళ్లో తిరుగుళ్లు కలిపితే కాస్త తక్కువ పడుతుందేమో, అంతే. బాబాయికి ఈ ఒక్క మాటతో విషయం మొత్తం అర్థమైంది. అందుకే ఈ ప్రయాణాన్నే వీడియోగా తీయాలనిపించింది.

ఇప్పుడు కనకదుర్గ వారధి ఎక్కాం. కుడివైపు చూడండి, దూరంగా ప్రకాశం బ్యారేజీ, దాని పక్కన ఇంద్రకీలాద్రి. మంచు ఇంకా పూర్తిగా తొలగలేదు. ఎన్నిసార్లు వచ్చినా ఇక్కడ నాకు మాట ఆగిపోతుంది.

సరే, మా కారే ఇక్కడ ఉందనుకుందాం. రానుపోను 74 కిలోమీటర్లు, బ్యాటరీలో 67. తేడా 7 కిలోమీటర్లు పెట్రోలు కాల్చక తప్పదు. ఆ 7 కిలోమీటర్లు ఎక్కడ కాల్చాలన్నది నడిపేవారి చేతిలోనే ఉంది. ఏ బటనూ నొక్కకుండా వదిలేస్తే, తిరుగు ప్రయాణంలో తాడేపల్లి దాటాక బ్యాటరీ అయిపోయి, సరిగ్గా బెంజ్ సర్కిల్ రద్దీలో ఇంజిన్ మొదలవుతుంది. చల్లగా ఉన్న ఇంజిన్ అడుగడుగునా ఆగుతూ నడవడం దానికీ మంచిది కాదు, ఆ పొగ పక్కన స్కూటరు మీద ఉన్నవారికీ మంచిది కాదు. నేనైతే మంగళగిరి దాటగానే హైబ్రిడ్ మోడ్ బటన్ నొక్కేస్తాను. కాజ టోల్ ప్లాజా పరిసరాల్లో రోడ్డు సాఫీగా ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, హాయిగా ఒకే వేగంతో నడుస్తుంది. పెదకాకాని దగ్గర మళ్లీ కరెంటులోకి మార్చేస్తాను. ఊళ్లో మొత్తం కరెంటు మీదే. న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వెళ్లినా నేను పాటించేది ఇదే. హైవేకి పెట్రోలు, ఊరికి కరెంటు.

పెట్రోలు కాల్చి బ్యాటరీ నింపే ఛార్జి మోడ్ కూడా ఒకటి ఉంది. అవసరం లేకుండా దాని జోలికి వెళ్లకండి. ఇంట్లో కుళాయి పెట్టుకుని ట్యాంకరు తెప్పించుకున్నట్లు ఉంటుంది.

ఖర్చు లెక్క బాబాయే వేశారు, టోల్ దగ్గర వరుసలో ఉండగా. 67 కిలోమీటర్లకు గోడ సాకెట్టు నుంచి సుమారు 15 యూనిట్లు పడుతుంది. ఇక్కడి గృహ వినియోగ శ్లాబుల్లో అన్నిటికన్నా పైది, యూనిట్‌కు 9 రూపాయల 75 పైసలు, వేసుకున్నా 150 రూపాయల లోపే. అదే దూరానికి పెట్రోలు నాలుగు లీటర్ల దాకా తాగుతుందని బాబాయి అనుభవం. విజయవాడలో లీటరు 109 రూపాయల పైమాటే. తేడా చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు.

అయితే ఈ తేడా అంతా ప్లగ్గు పెట్టేవారికే దక్కుతుంది. ఈ మాట నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను. ఐరోపా కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. రోడ్ల మీద నిజంగా తిరిగిన కార్ల వివరాలు తీసి చూస్తే, ప్లగిన్ హైబ్రిడ్‌లు ప్రయోగశాల పరీక్షల్లో చూపిన దానికి సగటున మూడున్నర రెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయట. అనుకున్నంతగా ఛార్జి చేయకపోవడమే ముఖ్య కారణం. ప్లగ్గు పెట్టకపోతే అంత పెద్ద బ్యాటరీని ఊరికే మోసుకు తిరుగుతున్నట్లే. దాదాపు రెండు టన్నుల బండి మాది! అందుకే మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. రాత్రి వంటింటి దీపం ఆపిన వారే గ్యారేజీలోకి వెళ్లి ప్లగ్గు చూసి రావాలి. మా పెద్దమ్మాయికి పదేళ్లు, తనకూ ఇది తెలుసు.

ఇప్పుడు సాకెట్టు సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే నేను భయపడిన సంగతి ఇది.

అమెరికా ఇళ్లలో మామూలు సాకెట్టు 120 వోల్టులది. కారుతో వచ్చిన తీగ పెడితే 12 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ నిండడానికి సుమారు 12 గంటలు. కొన్న కొత్తలో రెండు నెలలు అలాగే నడిపాం. ఒక రాత్రి పదకొండు గంటలకు గ్యారేజీ తలుపు తీస్తే కాలిన ప్లాస్టిక్ వాసన. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. మీటరు పెట్టె దగ్గర స్విచ్ ఆపేసి, చల్లారాక ప్లగ్గు లాగి చూశాను. సాకెట్టు మీద ఎడమ చీలిక చుట్టూ టీ మరక లాంటి గోధుమ రంగు. మర్నాడు ఎలక్ట్రీషియన్ విప్పి చూపించారు. ఇల్లు కట్టినప్పుడు తీగను స్క్రూ కింద బిగించకుండా, వెనుక ఉన్న రంధ్రంలో గుచ్చి వదిలేశారు. అది కొద్దిగా వదులై ఉంది. దీపానికో, ఫోను ఛార్జరుకో అలాంటి సాకెట్టు ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. రోజూ పన్నెండు గంటలు ఆగకుండా 12 ఆంపియర్లు లాగితే మాత్రం ఆ వదులు దగ్గరే వేడి పుడుతుంది. ఆ రాత్రి వాసన పసిగట్టకపోయి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత కారు కోసమే వేరే లైను వేయించి, 240 వోల్టుల ఛార్జరు పెట్టించాం. ఇప్పుడు నాలుగున్నర గంటల్లో నిండిపోతుంది.

ఇక్కడే మన ఇళ్లకు ఒక వరం ఉంది. మనకు ప్రతి సాకెట్టులోనూ 230 వోల్టులే. అక్కడ ప్రత్యేకంగా డబ్బు పెట్టి తెప్పించుకునేది ఇక్కడ గీజరు సాకెట్టులోనే ఉంది. కాకపోతే మూడు విషయాలు చూసుకోవాలి. ఆ 16 ఆంపియర్ల సాకెట్టుకు మీటరు బోర్డు నుంచి నేరుగా, తగినంత మందమైన తీగ రావాలి. ఎర్తింగ్ నిజంగా ఉండాలి, పేరుకు మూడో రంధ్రం ఉంటే చాలదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి కారు ఛార్జి చేయడం ఎవరికీ వద్దు, ఒక్క రాత్రికైనా వద్దు. స్కూటరుకు ఛార్జి పెట్టుకునేవారికి కూడా ఇదే చెబుతాను.

ఈ మాట విన్న బాబాయి ఈ ఉదయం ఏం చేశారో తెలుసా? గీజరు అరగంట వేసి ఉంచి, స్విచ్ ఆపి, ప్లగ్గు వెనుక చెయ్యి పెట్టి చూశారు. బాగా వేడిగా ఉంది. వెంటనే వీధి చివర ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశారు. కారు లేకపోయినా మీరు కూడా ఈ పని ఇవాళే చేయండి, చెయ్యి తడి లేకుండా చూసుకుని.

మేనత్త ఇంటికి వచ్చేశాం. గోంగూర పప్పు, వడియాలు, గడ్డ పెరుగు. కెమెరా ఆపమన్నారు కాబట్టి ఆపుతున్నాను.

తిరుగు ప్రయాణం. ఎండ ఎక్కింది. జనవరిలోనే ఇలా ఉంటే మే నెల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఛార్జింగ్ తీగ ఇంకా గోడకు ఉండగానే, బయలుదేరడానికి పది నిమిషాల ముందు ఫోను నుంచి ఏసీ వేసుకోవచ్చు. ఆ చల్లదనానికి చాలా మటుకు గోడ కరెంటే ఖర్చవుతుంది, బ్యాటరీలో కిలోమీటర్లు మిగులుతాయి. మాకు ఇదే పని చలికి ఉపయోగపడుతుంది. గడ్డకట్టే రోజుల్లో మా 42 మైళ్లు 30 దాకా దిగిపోతాయి. ముందు అద్దం మంచు తొలగించే బటన్ నొక్కితే బ్యాటరీ నిండా ఉన్నా ఇంజిన్ మొదలవుతుంది. కొత్తలో పాడైందేమోనని కంగారు పడ్డాం, దాని పద్ధతే అంత.

పెట్రోలు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. కరెంటు మీదే తిరిగితే ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంటుంది, పాతబడుతుంది. అక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్, ఇక్కడ 20 శాతం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పన్నెండు నెలల్లో కనీసం 20 లీటర్ల కొత్త పెట్రోలు పోయించమని టయోటా మాన్యువల్లోనే ఉంది. మాది 55 లీటర్ల ట్యాంకు, నేను సగానికి మించి నింపను. ఆయిల్ మార్చడం మైళ్లను బట్టి కాదు, కేలండర్‌ను బట్టి. ఇంజిన్ తక్కువ తిరిగింది కదా అని వాయిదా వేయకండి, తక్కువ తిరిగిన ఇంజిన్‌లోనే తేమ చేరుతుంది. బంకులో మూత బటన్ నొక్కాక కొన్ని క్షణాలు ఆగాలి. ట్యాంకులో ఒత్తిడి విడుదలయ్యాకే తలుపు తెరుచుకుంటుంది. వెనుకవారు హారన్ కొట్టినా గోళ్లతో లాగకండి.

ఇండియా వచ్చే మనవాళ్లందరికీ చెప్పవలసింది ఇంకొకటి. రెండేళ్ల కిందట మేము ఐదు వారాలకు వచ్చి తిరిగి వెళ్లాం. తెల్లవారుజామున, పిల్లలు నిద్రమత్తులో, గ్యారేజీలో కారు తలుపు తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీ నిండా ఉంది. కానీ తాళాలు, కంప్యూటర్లు, దీపాలు నడిపేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ, అది పూర్తిగా దిగిపోయింది. అది లేకపోతే పెద్ద బ్యాటరీ పలకనే పలకదు. రిమోట్ లోపల దాగి ఉండే ఇనుప తాళంచెవితో తలుపు తీసి, జంప్ స్టార్టర్‌తో లేపాం. ఈసారి వచ్చేముందు చిన్న బ్యాటరీకి మెయింటెయినర్, అంటే ఛార్జి దిగిపోకుండా చూసే చిన్న పరికరం, తగిలించి వచ్చాను. పెద్ద బ్యాటరీని నిండా కాకుండా సగానికి దగ్గరగా వదిలాను. లిథియం బ్యాటరీ వారాల తరబడి నిండుగా ఉంటే త్వరగా అలిసిపోతుంది.

ఇప్పుడు వారధి మీదకు మళ్లీ వచ్చాం. ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. పిన్ని వాళ్ల అక్కయ్య ఇల్లు అక్కడే, కారు సీట్ల దాకా నీళ్లలో ఉండిపోయింది. వాళ్లది పెట్రోలు కారు. హైబ్రిడ్ గానీ, ఎలక్ట్రిక్ గానీ అలా మునిగితే, నీళ్లు తీశాక స్టార్ట్ అవుతుందేమోనని చూడకండి, ఛార్జింగ్ పెట్టకండి. హుడ్ కింద నారింజ రంగు తీగలు కనిపిస్తే వాటిలో వందల వోల్టులు ఉంటాయని గుర్తుంచుకోండి. లారీ మీద ఎక్కించి, తెలిసినవారి దగ్గరకే పంపండి.

బాబాయి చివరి ప్రశ్న ఇది: "నేనూ ఇలాంటిది కొనుక్కోవచ్చా?" ఈ వీడియో తీసే నాటికి మన దేశంలో ప్లగిన్ హైబ్రిడ్‌లు బాగా ఖరీదైన కార్లలోనే ఉన్నాయి. మామూలు కుటుంబానికి అందే ధరలో రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఇంటి ముందే కారు పెట్టుకునే చోటు, 230 వోల్టుల సాకెట్టు, రోజూ తిరిగేది కొద్ది దూరం, అప్పుడప్పుడు హైదరాబాదు. ఈ కారుకు ఇంతకన్నా తగిన ఊరేది? అది వచ్చేలోగా ఒక పని చేయమన్నాను. రోజూ రాత్రి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో రాసి పెట్టుకోమన్నాను. నెల తిరిగేసరికి ఎంత బ్యాటరీ చాలుతుందో ఏ షోరూము వారూ చెప్పనవసరం లేకుండా తేలిపోతుంది.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని నేను కాఫీ తాగుతుండగా, బాబాయి వంటింటి గోడ మీద కేలండర్ దగ్గరకు వెళ్లారు. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ పిన్ని రాసుకునే కేలండర్ అది. చూడండి, దగ్గరగా చూపిస్తాను. నిన్నటి గడిలో 11. ఇవాళ్టి గడిలో 74, కింద చిన్న అక్షరాలతో "గుంటూరు".