ఆ సంతకం హాజరుకా, సమ్మతికా?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: అటవీ హక్కులపై పనిచేసే పరిశోధకురాలు, విశ్రాంత అటవీ అధికారి, పాడేరు ఏజెన్సీకి చెందిన మాజీ సర్పంచ్. నిడివి కోసం కొంత కుదించాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ కాస్త దూరం వెళ్దాం. దక్షిణ అమెరికాలోని గయానా. క్రికెట్ చూసేవాళ్లకి జార్జ్‌టౌన్ గుర్తుంటుంది. దేశం మొత్తం కలిపి ఎనిమిది లక్షల జనం, విశాఖ జనాభాలో సగం కూడా ఉండరు. భూమిలో మాత్రం దాదాపు 85 శాతం అడవే. బ్రిటిష్ వాళ్ల కాలంలో చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి రెండు లక్షల పైన మందిని తీసుకెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. సరే, అసలు విషయం. 2009లో ఆ దేశం ‘మా అడవిని నరక్కుండా అభివృద్ధి చెందుతాం, ప్రపంచం అందుకు డబ్బు కట్టాలి’ అంది. ఆ అడవిలో ఉండేవాళ్లని అడిగారా? అడిగితే ఎలా అడిగారు? మేడమ్, మీతో మొదలుపెడదాం.

పరిశోధకురాలు: అడిగారు. అడగలేదనడం అన్యాయం. 2009 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు భరత్ జగ్దేవ్ ‘తక్కువ కార్బన్ అభివృద్ధి వ్యూహం’ ముసాయిదా విడుదల చేశారు. తర్వాత పది రీజియన్లలోనూ సమావేశాలు పెట్టారు. మారుమూల ఊళ్లకి చిన్న విమానాల్లో, పడవల్లో వెళ్లారు. లండన్‌లో ఉండే ఒక పర్యావరణ పరిశోధన సంస్థని పిలిచి, ఈ సంప్రదింపులు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూడమన్నారు కూడా. మన దగ్గర ఏ పథకానికైనా అంత చేశారా అంటే నాకు గుర్తు లేదు.

అధికారి: అదే నేను చెప్పాలనుకున్నది. ముందే మార్కులు వేసేశారు మీరు.

పరిశోధకురాలు: ఆగండి సార్, తీసేసే మార్కులు కూడా ఉన్నాయి. జూన్, జూలై అంటే దక్షిణాన రుపునుని మైదానాల్లో వానాకాలం. నదులు పొంగి మైదానమే చెరువవుతుంది. రాజధాని నుంచి ఆ మైదానాల్లోని లెథెం పట్టణం దాకా ఉన్నదొక్కటే రోడ్డు, 500 కిలోమీటర్ల పైన, అప్పట్లో అందులో చాలా వరకు మట్టిరోడ్డే. ఆ రోజుల్లో ఒక ఊరివాళ్లు ఇంకో ఊళ్లో జరిగే మీటింగ్‌కి ఎలా వస్తారు? తర్వాత భాష. ముసాయిదా ఇంగ్లిష్‌లో ఉంది. అక్కడ తొమ్మిది ఆదివాసీ జాతులు ఉన్నాయి. మకుషి, వాపిషానా, వైవై, పతమోనా, అకవాయో, ఇంకా ఉన్నాయి. మీటింగ్‌లో దుబాసీ ఉంటాడు, నిజమే. అడవి పీల్చుకునే కార్బన్‌ని టన్నుల్లో కొలిచి అమ్మడం అనేదాన్ని ఆయన అప్పటికప్పుడు ఏ మాటల్లో చెప్తాడు?

మాజీ సర్పంచ్: మా దగ్గర చెప్పారండీ, ఒకసారి. కొండ మీద మొక్కలు పెడితే కార్బన్ డబ్బులొస్తాయని ఎవరో వచ్చారు. మా కువి భాష తెలిసిన కుర్రాడొకడు అటూ ఇటూ మార్చి చెప్తున్నాడు. ఒక ముసలావిడ లేచి, “గాలిని కొంటారా? మరి మేం పీల్చడానికి ఉంచుతారా?” అంది. అందరం నవ్వేశాం. ఆ వచ్చినాయన కూడా నవ్వి తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక అనిపించింది, ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే కదా అని. అమ్మేది ఏంటో, అమ్మాక మనకి మిగిలేది ఏంటో. దానికి జవాబు రాలేదు ఇప్పటిదాకా.

వ్యాఖ్యాత: గయానాలో జవాబు వచ్చిందా?

పరిశోధకురాలు: డబ్బు వచ్చింది. 2009 నవంబర్ 9న నార్వేతో ఒప్పందం కుదిరింది. సంతకాలు ఫెయిర్‌వ్యూ అనే ఆదివాసీ గ్రామంలో పెట్టారు. టన్నుకి 5 డాలర్ల లెక్కన 2015 వరకు 25 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని నార్వే మాట. గయానా లెక్కగట్టింది మాత్రం ఏడాదికి 58 కోట్లు! అడవి నరికి, కలప అమ్మి, పంటలు వేస్తే వచ్చేదెంతో ఒక పెద్ద కన్సల్టెన్సీతో వేయించిన లెక్క అది. బేరం అలాగే మొదలవుతుంది కదా.

అధికారి: ఒక మాట. 35 ఏళ్లు ఆకుపచ్చ చొక్కా వేసుకుని తిరిగినవాడిగా చెప్తున్నా. కార్బన్ లెక్కకి ఒక చిక్కుంది. ఒక ఊళ్లో చెట్లు కొట్టడం ఆపితే, గొడ్డలి పట్టుకున్నవాడు పక్క ఊరికి పోతాడు. మొత్తం మీద తగ్గింది సున్నా. అందుకే దేశం మొత్తాన్ని ఒకే లెక్కలో వేస్తారు. ఉపగ్రహంతో చూస్తారు. ఊరూరూ విడిగా ‘మేం ఉంటాం, మేం ఉండం’ అంటే ఆ లెక్క తేలదు, కొనేవాడు రాడు. ఇందులో కుట్ర లేదు.

పరిశోధకురాలు: సరిగ్గా అక్కడే ముడి పడింది సార్. 2009లో ఊళ్లకి చెప్పిన మాట ఏంటంటే, పట్టా ఉన్న గ్రామాలు తమకి ఇష్టమైనప్పుడు చేరొచ్చు, తొందర లేదు. ఆ మాట మీదే చాలామంది నిబ్బరంగా ఉన్నారు. ఆదివాసీ గ్రామాల పట్టా భూములు దేశంలో సుమారు 16 శాతం. 2022 డిసెంబర్‌కి వచ్చేసరికి, మీరన్నట్టే, దేశమంతా ఒకే లెక్కగా కార్బన్ క్రెడిట్లు జారీ అయ్యాయి. ఒక్కో క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ లెక్క. 2016 నుంచి 2020 వరకు నిలబడిన అడవికి 3 కోట్ల 30 లక్షల పైన క్రెడిట్లు. ఆ మర్నాడో మూడోనాడో హెస్ అనే చమురు కంపెనీ, 2030 దాకా వచ్చేవి కూడా కలిపి, 3 కోట్ల 75 లక్షల క్రెడిట్లు కొంటానంది. కనీసం 75 కోట్ల డాలర్లు. అంటే సగటున ఒక్కోటి 20 డాలర్లు.

మాజీ సర్పంచ్: చమురు కంపెనీయా?

పరిశోధకురాలు: అవును. 2019 డిసెంబర్ నుంచి గయానా సముద్రంలో చమురు తీస్తున్నారు. ఆ చమురు తీసే బ్లాకులో అప్పట్లో హెస్‌ది 30 శాతం వాటా.

మాజీ సర్పంచ్: బాగుందండీ. ఒక చేత్తో చమురు తోడుకుని, ఇంకో చేత్తో చెట్టు నీడ కొనుక్కున్నాడన్నమాట.

అధికారి: ఆ దేశానికి డబ్బు అవసరం. నీడ ఊరికే ఇవ్వమనడం ధర్మమా? ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చారు కదా!

వ్యాఖ్యాత: మరి ఊళ్లకి ఎంత?

పరిశోధకురాలు: ఆ డబ్బులో 15 శాతం అన్నారు. మొదటి విడతగా 2023లో 242 గ్రామాలకి, వాళ్ల డాలర్లలో 470 కోట్లు పంచారు. అమెరికా డాలర్లలో చూస్తే రెండు కోట్ల పైన. ఊరు తన ప్రణాళిక తానే రాసుకోవాలి, గ్రామ సమావేశంలో ఒప్పించుకోవాలి, ఖర్చు తానే పెట్టాలి. నేను దీన్ని చిన్నచూపు చూడను. అంతకుముందు నార్వే డబ్బుతో ఆదివాసీ గ్రామాలకి భూమి పట్టాల ప్రాజెక్టు కూడా పెట్టారు, 1 కోటి 7 లక్షల డాలర్లతో. మారుమూల ఇళ్లకి 30 వేల సోలార్ యూనిట్లు ఇచ్చారు. వాటికి మన ఎగ్జిమ్ బ్యాంకే అప్పు ఇచ్చింది. ఇవన్నీ కనబడే పనులు. కానీ ఆ 15 ఎక్కడి నుంచి వచ్చింది? పది ఎందుకు కాదు, ముప్ఫై ఎందుకు కాదు? బేరంలో ఊరు కూర్చుందా? అమెరిండియన్ పీపుల్స్ అసోసియేషన్ అని 1991 నుంచి ఉన్న సంస్థ 2023లో ఫిర్యాదు చేసింది ఇదే. క్రెడిట్లు జారీ చేసే సంస్థకే రాసింది, ఊళ్ల సమ్మతి లేకుండా మా అడవిని లెక్కలో కలిపేశారని.

వ్యాఖ్యాత: ప్రభుత్వం ఏమంది?

పరిశోధకురాలు: నేషనల్ తోషావోస్ కౌన్సిల్ ఒప్పుకుంది అంది. తోషావ్ అంటే ఊరిపెద్ద, మూడేళ్లకోసారి ఎన్నుకుంటారు. ఆ పెద్దలందరి మండలి 2022 జూలైలో, 2009 నాటి వ్యూహాన్ని మార్చి తెచ్చిన కొత్తదానికి మద్దతుగా తీర్మానం చేసింది. ముసాయిదా అంతకు ముందు ఏడాది అక్టోబర్‌లోనే బయటపెట్టారు, నెలల తరబడి చర్చకి ఉంచారు. కాబట్టి అడిగాం, ఒప్పుకున్నారు అన్నది వాళ్ల వాదన.

అధికారి: అందులో తప్పేముంది? ఎన్నికైన ప్రతినిధులు. మన సర్పంచుల సంఘం తీర్మానం చేస్తే లెక్కలోకి రాదా?

మాజీ సర్పంచ్: రాదు సార్. (నవ్వు) నేను సర్పంచ్‌గా చేసినోణ్ణే, నా మాట వినండి. నన్ను జిల్లాకి పిలుస్తారు. ఏసీ హాలు, భోజనం, వెనకాల బ్యానర్. మధ్యాహ్నం మూడింటికి ఒక కాగితం వస్తుంది. సంతకం పెట్టనంటే నన్నొక్కణ్ణే వేరుగా చూస్తారు. రేపు ఊరి రోడ్డు పని మీద అదే ఆఫీసుకి నేనే వెళ్లాలి. పెట్టేస్తాం. పెట్టి ఊరికొస్తే జనం అడుగుతారు, “ఏం ఒప్పుకుని వచ్చావురా?” అని. ఊరి భూమి గురించి మాట్లాడే హక్కు నాకు ఊరు ఇవ్వలేదు. పెన్షన్లు, కుళాయిలు చూసుకోమని ఇచ్చింది.

పరిశోధకురాలు: గయానా చట్టంలోనూ ఈ తేడా ఉంది. 2006 అమెరిండియన్ చట్టం ప్రకారం ఊరి భూమిలో ఎవరైనా చిన్న, మధ్యతరహా గని తవ్వాలంటే తోషావ్ ఒప్పుకుంటే చాలదు. గ్రామ సమావేశంలో ఓటున్నవాళ్లలో మూడింట రెండొంతులు సరే అనాలి. పెద్ద గని అయితే ప్రభుత్వం ప్రజా ప్రయోజనమని చెప్పి ఊరి మాటని పక్కన పెట్టగలదు, అది వేరే గొడవ. కానీ నేల కింద ఉన్న బంగారానికి ఊరంతా కూర్చోవాలంటే, నేల మీద ఉన్న చెట్టు కార్బన్‌కి మండలి తీర్మానం ఎలా సరిపోతుంది?

అధికారి: మీరు ఒక దానికి జవాబు చెప్పండి. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. నేను దాన్ని గౌరవిస్తా. కానీ అక్కడ ఒక కొండ ఉంది, ఒక గని ఉంది. వద్దంటే ఏది వద్దో తెలుసు. జాతీయ ప్రణాళిక అనేది ఒక చోట ఉండదు. వందల ఊళ్లు, పదేళ్ల కాలం, యాభై పనులు. దానికి ఒక ఊరు ‘వద్దు’ అంటే ఏది ఆగాలి?

(కాసేపు నిశ్శబ్దం.)

పరిశోధకురాలు: మంచి ప్రశ్న. దీనికి నా దగ్గర పూర్తి జవాబు ఉందని అనను. నాకు తోచింది చెప్తా. ప్రణాళికని ముక్కలు చేసి అడగాలి. మా ఊరి అడవిని లెక్కలో కలపాలా వద్దా, అదొకటి. వాటా ఎంత, అది ఇంకోటి. ఏటి మీద జలవిద్యుత్ కట్టాలా, అది మూడోది. గయానాలో అమైలా జలపాతం దగ్గర 165 మెగావాట్ల ప్రాజెక్టు కూడా ఇదే వ్యూహంలో భాగం. వీటన్నిటినీ ఒక పుస్తకంలో కుట్టి ‘పచ్చటి అభివృద్ధికి మీరు అనుకూలమా’ అని అడిగితే కాదని ఎవరంటారు? ఆ ప్రశ్నకి నేనూ అవునంటాను.

వ్యాఖ్యాత: మన దగ్గరికి వద్దాం. అల్లూరి జిల్లాలో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు. అంటే నీళ్లని కొండ మీది జలాశయానికి ఎక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేవి. ఎర్రవరంలో ఒకటి, 1,200 మెగావాట్లు అంటున్నారు. ఇదీ పచ్చటి కరెంటే. సర్పంచ్ గారూ, మీ వైపు ఎలా ఉంది?

మాజీ సర్పంచ్: ప్రాజెక్టు పేరు నేను చెప్పను, మా ఊళ్లో జరిగింది చెప్తా. సర్వే అని వచ్చారు. కొండ మీద రంగు రాళ్లు పాతారు. అడిగితే నీళ్ల గురించి అన్నారు. నీళ్లంటే మాకు సంతోషమే కదా! వారం తర్వాత మీటింగ్. మండల కేంద్రం నుంచి వచ్చినాయన రిజిస్టర్ తిప్పాడు. “ఎంతమంది వచ్చారో రాసుకోవాలి, సంతకాలు పెట్టండి” అన్నాడు. అందరం పెట్టాం. వేలిముద్రలు కూడా. కొన్నాళ్లకి ఆ పేజీకి పైన నాలుగు వరుసలు రాసి ఉన్న జిరాక్స్ చూశాం. గ్రామసభ సమ్మతించింది అని. కింద మా సంతకాలు. నాదే మొదటిది.

వ్యాఖ్యాత: మీరు ఏం చేశారు?

మాజీ సర్పంచ్: రెండు రోజులు ఊళ్లో తల ఎత్తుకోలేకపోయానండీ. మా ఆవిడ కూడా “చదువుకున్నోడివి కదా” అంది. తర్వాత కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాం. నడుస్తోంది.

అధికారి: అది చట్ట ప్రకారం చెల్లదు. ఆదివాసీ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకి అధికారం ఇచ్చే చట్టం, పెసా, ఉంది 1996 నుంచి, మన రాష్ట్ర నియమాలు 2011లో వచ్చాయి. అటవీ హక్కుల చట్టం 2006ది. అటవీ భూమి ఇవ్వాలంటే గ్రామసభ తీర్మానం కావాలని 2009లోనే కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది.

పరిశోధకురాలు: 2022లో కొత్త నియమాలు తెచ్చి ఆ పని రాష్ట్రాల మీదికి తోశారు సార్, కేంద్రం అనుమతి ఇచ్చేశాక చూసుకోమని. ముందు పెళ్లి, తర్వాత పెళ్లిచూపులు.

అధికారి: ...ఆ మాట మాత్రం కాదనలేను. నా సర్వీసులో నేనూ అలాంటి ఫైళ్లు చూశాను. గడువు తరుముతుంటుంది. ఇంకా గ్రామసభ కాలేదంటే “పెట్టించండి” అంటారు. పెట్టడం వేరు, పెట్టించడం వేరు. రెండూ ఫైల్లో ఒకేలా కనిపిస్తాయి.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. సర్పంచ్ గారూ, మళ్లీ గ్రామసభ ఉందా?

మాజీ సర్పంచ్: ఉందండీ, వచ్చే నెల. దండోరా మేమే వేయించాం. పొలం పనులు తక్కువ ఉన్నప్పుడే పెట్టమని అడిగాం. ఈసారి రిజిస్టర్ కూడా మేమే కొన్నాం, సంతలో. రెండు. ఒకదాని అట్ట మీద ‘హాజరు’ అని రాశాం, రెండోదాని మీద ‘ఒప్పుకున్నది’ అని. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ కువిలో, ఒరియాలో చదివి వినిపించాలి. పేజీలో ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టేయాలి. ఆ గీత కొట్టే పని ఆ ముసలావిడకి అప్పజెప్పాం.

వ్యాఖ్యాత: గాలి గురించి అడిగినావిడకా?

మాజీ సర్పంచ్: ఆవిడకే. ఆవిడకి చదవడం రాదు గానీ, ఖాళీ ఎక్కడుందో కనబడుతుంది.