లక్ష రూపాయల కెమెరా, ప్లాస్టిక్ కెమెరా, లోపల రీలు మాత్రం ఒకటే

అందరికీ నమస్కారం అండి. స్లైడ్లూ గట్రా ఏం పెట్టుకోలేదు, ఊరికే మాట్లాడుకుందాం. మీలో ఎంతమంది ఇళ్ళల్లో కొడాక్ కేబీ10, ఆ చవక ప్లాస్టిక్ రీలు కెమెరా, ఉండేది? బానే లేచాయి చేతులు. తిరపతి వెళ్ళినా పుట్టినరోజైనా అదే కదా, 36 ఫోటోల రీలు ఎక్కడ అయిపోతుందోనని ఇంట్లోవాళ్ళు ఆచితూచి నొక్కేవాళ్ళు, పెళ్ళిళ్ళలో అయితే ఫోటోగ్రాఫర్ రీలు లేకుండా ఉత్త ఫ్లాష్ కొడుతున్నాడని వెనకాల ఒకటే గుసగుసలు.

ఇప్పుడు కథ వేరే. కాంటాక్స్ టీ2 అని ఒకటుంది, 1990లో వచ్చింది, టైటానియం బాడీ, కార్ల్ జైస్ సోనార్ 38 ఎంఎం లెన్స్. 2017లో అమెరికా మోడల్ కెండల్ జెన్నర్ దాన్ని జిమ్మీ ఫాలన్ టీవీ షోకి పట్టుకెళ్ళింది, ఇక అక్కణ్ణించి దాని రేటుకి రెక్కలొచ్చాయి, ఇప్పుడు మంచి కండిషన్‌లో కావాలంటే లక్ష దరిదాపుల్లో పెట్టుకోవాలి. ముప్పై ఏళ్ళ పాత కెమెరాకండి! అది చేసిన క్యోసెరా కంపెనీ 2005లోనే కాంటాక్స్ కెమెరాలు ఆపేసింది, లోపల ఫ్లెక్స్ కేబుల్, అంటే కరెంటు పోయే సన్నటి పట్టీ, తెగితే స్పేర్ పార్ట్ కోసం ఇంకో చచ్చిన టీ2ని వెతుక్కోవాల్సిందే.

అసలు తమాషా ఏంటంటే అదే క్యోసెరా ఆ రోజుల్లోనే యాషికా టీ4 అని ఇంకోటి అమ్మింది. దాని మీదా కార్ల్ జైస్ పేరే, టెస్సార్ 35 ఎంఎం, ఎఫ్3.5 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది), కాకపోతే బాడీ ప్లాస్టిక్. ఒక తల్లి పిల్లలే, ఒకరికి పట్టుబట్టలు ఒకరికి నూలుబట్టలు, అంతే. ఎండలో బయట ఒకే రీలు వేసి రెండిటితో తీసి పోస్ట్‌కార్డ్ సైజు ప్రింట్లు మీ ముందు పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టం, నేనైతే పందెం కాయను.

ఎందుకంటే, డిజిటల్‌లో బొమ్మ పట్టే సెన్సర్ కెమెరాలోనే ఉంటుంది, చవకది కొంటే సెన్సర్ కూడా చవకదే వస్తుంది. ఫిల్మ్‌లో అలా కాదు, బొమ్మ పడేది రీలు మీద, ఆ రీలు కేబీ10లో వేసినా టీ2లో వేసినా అదే కొడాక్ గోల్డే. పైగా కలర్ నెగటివ్ రీలుకి ఓపిక ఎక్కువ, వెలుగు ఒక స్టాపు (అంటే రెట్టింపు), రెండు స్టాపులు ఎక్కువ పడినా సర్దుకుపోతుంది, అందుకే ఫోకస్ కూడా చెయ్యలేని డబ్బా కెమెరాలతో మన ఇళ్ళల్లో ఆల్బమ్‌లు ఆల్బమ్‌లు నిండాయి.

అలాగని ఖరీదైనవన్నీ ఉత్త షో అనను. ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాతో నాలుగడుగుల కంటే దగ్గరికెళ్తే మొహం మసకే, రాత్రి ఫ్లాష్ అందనంత దూరంలో ఉన్నవాళ్ళు నల్లగా వస్తారు. టీ2కి లెన్స్ చుట్టూ ఎపర్చర్ రింగు, అంటే వెలుగు వచ్చే కన్నాన్ని పెద్దా చిన్నా చేసే చక్రం, ఉంటుంది, ఎఫ్8 కావాలంటే ఎఫ్8 పెట్టుకుంటాం. అదే 1997లో వచ్చిన ఒలింపస్ మ్యూ2 చూడండి, 135 గ్రాములు, షర్ట్ జేబులో పడుతుంది, ఎఫ్2.8 లెన్స్ చాలా షార్ప్, కానీ మూత జరిపి మూసిన ప్రతిసారీ ఫ్లాష్ సెట్టింగ్ మర్చిపోయి మళ్ళీ ఆటోకి వచ్చేస్తుంది. గుళ్ళో దీపారాధన వెలుగులో ఫోటో తీద్దామని ఫ్లాష్ ఆపి, మూసి, మళ్ళీ తెరిచి నొక్కితే ఠప్పుమని కొడుతుంది, పూజారిగారు మన వైపు ఒక చూపు చూస్తారు. ఈ ఒక్క విషయంలో టీ2 వాళ్ళని చూస్తే నాకు కుళ్ళే.

కానీ చవక కెమెరాకి ఉన్న సుఖం ఏంటంటే భయం లేకపోవడం. బీచ్‌కి తీసుకెళ్తాం, పిల్లాడి చేతికిస్తాం, హోలీలో బయటికి తీస్తాం. లక్ష పెట్టి కొన్నది బ్యాగులోంచి తియ్యాలంటేనే చెయ్యి రాదు, చాలామంది టీ2లు బీరువాలోనే ఉంటున్నాయి, నాకు తెలిసినవాళ్ళవే. ఇంకోటి, ఈ రోజుల్లో రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి ఎలా చూసినా వెయ్యి దాటిపోతోంది. మరి ఉన్న డబ్బు రీళ్ళకి పెట్టాలా టైటానియంకి పెట్టాలా? నన్నడిగితే రీళ్ళకే. పాతవి నమ్మలేం అనుకుంటే కొడాక్ ఎక్టార్ హెచ్35 లాంటి కొత్త హాఫ్ ఫ్రేమ్ (ఒక ఫోటో చోటులో రెండు పట్టే) ప్లాస్టిక్ కెమెరాలున్నాయి, 36 రీల్లో 72 ఫోటోలు వస్తాయి, గ్రెయిన్, అంటే ఇసక రేణువుల్లాంటి చుక్కలు, కాస్త ఎక్కువ కనిపిస్తుంది, ఫర్లేదు.

పాతది కొనేవాళ్ళకి ఒక్క మాట చెప్పి ఆపేస్తా. షాపుకి వెళ్ళేటప్పుడు బ్యాటరీ మీరే పట్టుకెళ్ళండి, మ్యూ2కీ టీ2కీ కూడా సీఆర్123ఏనే. బ్యాటరీ గదిలో పచ్చగా చిలుము ఉందేమో చూడండి, వెనక డోర్ తీసి, ఫోన్ టార్చ్ లెన్స్ మీద ఏటవాలుగా కొట్టండి, లోపల సాలీడు గూడు లాగా సన్నటి తీగలు కనపడితే అది ఫంగస్, విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమకి బాగా పడుతుంది, అది తీసుకోకండి ఎంత తగ్గించినా. నా మ్యూ2 ఆ టేబుల్ మీదుంది, చూడండి, కావాలంటే ఒకటీ రెండూ తీసుకోండి కూడా, లోపల రీలుంది కాబట్టి వెనక డోర్ మాత్రం తియ్యకండి బాబూ.