తెలిసినోళ్లు లేకపోయినా పని అవుతుంది

అందరికీ నమస్కారం. బోరు నీళ్ల పరీక్షకు సీసా పట్టుకుని రమ్మంటే, ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారని నేననుకోలేదు. మెట్ల మీద కూర్చున్న అక్కలు ఇటు ఫ్యాన్ కిందికి జరగండి, చోటుంది.

మన నల్లగొండలో ఎవరింట్లో ఏ అవసరం వచ్చినా ముందు అడిగే మాట ఒకటే. "అక్కడ మనకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉన్నరా?" కరెంటాఫీసులో తెలిసినోళ్లు, దవాఖానలో తెలిసినోళ్లు, మున్సిపాలిటీలో తెలిసినోళ్లు. బడిపంతులుగా పనిచేసిన నాకైతే ఈ జబ్బు ఇంకా ఎక్కువ. ఏ ఆఫీసుకు పోయినా నా శిష్యుడు ఒకడుంటాడని ధీమా.

నా మనవరాలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. పుట్టిన 21 రోజుల్లో నమోదు కావాలి, వివరాలు మున్సిపాలిటీకి మేమే పంపిస్తామని ఆసుపత్రివాళ్లు అన్నారు. నేను మున్సిపాలిటీలో ఉన్న శిష్యుడికి ఫోన్ చేసి, ఒకసారి చూడు నాయనా అన్నాను. "అయిపోతది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. నేను నిజంగానే టెన్షన్ పడలేదు. పాపను బడిలో వేసే రోజున సర్టిఫికెట్ తీయిస్తే, తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు. పాప పేరు ఉండాల్సిన చోట ఖాళీ. శిష్యుడు బదిలీ మీద వెళ్లి ఏడాదైంది.

ఆ ఖాళీలో పేరు రాయించడం పెద్ద పనేం కాదు. ఏడాదిలోపు వెళ్తే రుసుము కూడా లేదు, తర్వాత 15 ఏండ్ల వరకు ఆలస్య రుసుము కట్టి రాయించుకోవచ్చు. చెప్పులరిగింది ఆ ఒక్క అక్షరం దగ్గరే. ఆసుపత్రి కాగితం తెమ్మంటే అది తెచ్చాను, ఆధార్ జిరాక్స్ అంటే అదీ ఇచ్చాను. నాలుగుసార్లు "రేపు రండి సార్" అన్నారు, మర్యాదగానే. ఐదోసారి మీసేవలో దరఖాస్తు పెట్టి, రసీదు జేబులో పెట్టుకుని పోయాను. దాని మీది నంబరు చెప్పేసరికి కంప్యూటర్ తెరిచారు. పనైంది. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికీ, డ్రైవింగ్ లైసెన్సుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లు ఇవాళే ఇంటికి పోయి సర్టిఫికెట్ అక్షరం అక్షరం చదివి చూసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీ పట్టుకుపోయినా, రసీదు చేతికి రాకుండా బయటికి రావద్దు.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువ. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు తయారుచేసి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు వేరే దేశాల పుస్తకాల్లోకీ అట్ల ఎక్కింది. దీనికి మురవాలో ఏడవాలో నాకిప్పటికీ తేలలేదు. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా నల్లా రాని రోజున బోరు నీళ్లు కాచి తాగేవాళ్లు మన గల్లీలోనే ఉన్నారు. కాస్తే క్రిములు చస్తాయి తప్ప ఫ్లోరైడ్ పోదమ్మా. నీళ్లు మరిగి తగ్గినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. దానికి రంగూ లేదు, వాసనా లేదు, నోట్లో పోసుకుని చెప్పలేం. పరీక్ష చేయించాల్సిందే. మిమ్మల్ని సీసా తెమ్మన్నది అందుకే. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే తెమ్మన్నాను. ఫ్లోరైడ్ గాజును కూడా పట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది.

రక్తపరీక్షల సంగతికొస్తే, షుగర్, థైరాయిడ్ అంటూ నెలనెలా ప్రైవేటు ల్యాబులకు డబ్బు పోసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ప్రభుత్వ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు 2021 జూన్‌లో 19 జిల్లాల్లో మొదలైనప్పుడు వాటిలో మనదీ ఉంది, మహబూబ్‌నగరూ ఉంది. అప్పుడు 57 రకాల పరీక్షలు, పైసా తీసుకోకుండా. మీరు జిల్లా కేంద్రం దాకా పరుగెత్తే పని లేదు. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించుకుంటే నమూనా అక్కడే తీసుకుని పంపుతారు.

ఇంకొకటి, ఇది నాకు ఇష్టమైన విషయం, కొంచెం ఓపిక పట్టండి. మీ ఇంటి పన్ను బిల్లు ఎప్పుడన్నా పూర్తిగా చదివారా? అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే లైబ్రరీ గడప తొక్కనివాళ్లు కూడా ఏటా దానికి చందా కడుతున్నారు! పోటీ పరీక్షలకు చదివే పిల్లలు టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంటారు. మనం మాత్రం పేపరు కోసం హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతాం. ఫ్యాన్లు తిరగకపోతే, కొత్త పుస్తకాలు రాకపోతే అడగండి. కట్టేది మన పైసలే.

కోర్టు పని పడ్డవాళ్లకు ఒక మాట. కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఉచితంగా పెడతారు. ఫోన్ చేయాలంటే 15100. పిల్లలు పట్టించుకోని పెద్దవాళ్లకు 14567. ఫోన్లో మాటలు చెప్పి ఖాతాలో డబ్బు లాగేస్తే 1930, అదీ వెంటనే. పరువు పోతుందని రెండు రోజులు దాచిపెడితే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఈ మూడు నంబర్లూ సుద్దముక్కతో మన హాలు గోడ మీద రాయించాను. వానకు తడవని చోటే రాశాం, పిల్లలు తుడపకుండా చూడండి.

నా మాటలు అయిపోయాయి. బోరు నీళ్ల సీసాలు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ముందుకు రండి. సీసా మీద ఇంటి నంబరు, బోరు లోతు రాయించి ఆ బల్ల మీద పెట్టండి. తేనివాళ్లు ఇప్పుడే ఇంటికి పోయి పట్టుకురండి, పదకొండింటి దాకా ఇక్కడే ఉంటాను. బోరు మోటారు వేశాక అయిదు నిమిషాలు నీళ్లు పోనిచ్చి, ఆ తర్వాత పట్టండి.