ఎక్స్‌వింగ్ స్క్వాడ్‌లో ఏ నౌకకు ఏ పని? అంబాజీపేట వసారా నుంచి రివ్యూ

నమస్కారం. అంబాజీపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని మాట్లాడుతున్నాను. పక్క తోటలో ఈ రోజు కొబ్బరి దింపు జరుగుతోంది, ఆ చప్పుడు మీకూ వినిపిస్తుంది. ఉండనివ్వండి, మన ఆటకు దానితో పని ఉంది. ఆట అంటే స్టార్ వార్స్ నౌకల బొమ్మలతో బల్ల మీద ఆడే ఎక్స్‌వింగ్.

ముందు ఈ నౌకను దగ్గరగా చూడండి. 2018లో వచ్చిన రెండో ఎడిషన్ కోర్ సెట్‌లోని, అంటే ఆట మొదలుపెట్టే పెట్టెలోని, ఎక్స్‌వింగ్ నౌక ఇది. ఆట పేరూ దీని పేరే. రెక్క అంచున ఆ సన్నని ఎర్ర గీత చూశారా? చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. పెట్టెలో దీనితో పాటు టై ఫైటర్లు అనే శత్రు నౌకలు రెండు, కదలికల కొలబద్దలు 11 ఉంటాయి. ఆట నేర్చుకోవడానికి ఇవి చాలు. మేం ఆడే 2018 నాటి నియమాల్లో ప్రతి నౌకకూ, కార్డుకూ కొన్ని పాయింట్లు ఉంటాయి. అవన్నీ కలిపి 200 పాయింట్ల స్క్వాడ్, అంటే నౌకల జట్టు, కట్టడానికి మాత్రం ఇవి ఎంతమాత్రం చాలవు.

సంక్రాంతికి మా బావ ఏడు టై ఫైటర్లతో వచ్చాడు. నేను మూడు ఎక్స్‌వింగ్‌లు దించి, మిగిలిన పాయింట్లన్నీ నౌకల బలం పెంచే అప్‌గ్రేడ్ కార్డులకు పోశాను. నా ఎక్స్‌వింగ్ పైలట్లలో ఒకడైన వెడ్జ్ ఆంటిలీస్ మీద నాకు అంత నమ్మకం. అతని ఇనిషియేటివ్, అంటే వంతు నిర్ణయించే అంకె, 6. అంటే అందరూ కదిలాక కదులుతాడు, అందరికంటే ముందు కాలుస్తాడు. అతను కాల్చినప్పుడు ఎదుటి నౌక తప్పించుకోవడానికి వేసే పచ్చ పాచికల్లో ఒకటి తక్కువ వేయాలి.

మూడో రౌండులో నేను వెడ్జ్ డయల్ మీద, అంటే కదలికను ముందే రహస్యంగా ఎంచుకునే చక్రం మీద, నేరుగా వెళ్లే కదలిక పెట్టాను. బావ తన ఇనిషియేటివ్ 1 టై ఫైటర్‌ను ముందే కదిపి సరిగ్గా వెడ్జ్ దారిలో నిలబెట్టాడు. కాలువ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు అడ్డం ఉంటే, వెనక ఎంత మంచి కారున్నా ఆగాల్సిందే కదా! వెడ్జ్ వెళ్లి దానికి తగిలాడు. ఆ నియమాల ప్రకారం అలా వెళ్లి తగిలిన నౌకకు ఆ రౌండులో యాక్షన్, అంటే కదిలాక చేసే అదనపు పని, లేదు. యాక్షన్ లేకపోతే గురి పెంచే ఫోకస్ లేదు. తాను ఏ నౌకకు తగిలాడో దాన్ని కాల్చడానికీ వెడ్జ్‌కు వీల్లేదు. బావ మిగిలిన ఆరు నౌకలూ మాత్రం అతన్ని కాల్చవచ్చు.

ఫోకస్ విలువ ఎంతో చూడండి. కాల్చేటప్పుడు వేసే ఎర్ర పాచికకు ఎనిమిది ముఖాలు. మూడు హిట్లు, ఒక క్రిటికల్ (ఇదీ దెబ్బే), రెండు కన్ను గుర్తులు, రెండు ఖాళీ. మూడు పాచికలు వేస్తే సగటున ఒకటిన్నర దెబ్బ. ఫోకస్ ఉంటే కన్ను గుర్తులు కూడా దెబ్బలవుతాయి, సగటు రెండుంపావుకు చేరుతుంది. ఒక్క చవకైన టై ఫైటర్ అంత తేడా తెచ్చింది.

ఆ సాయంత్రమే నాకు దింపు గుర్తుకొచ్చింది. చెట్టెక్కేవాడు ఎంత నేర్పరి అయినా, కింద కాయలు పోగేసేవారు, ఒలిచేవారు లేకపోతే మధ్యాహ్నానికి కాయలు తోటంతా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. స్క్వాడ్ కూడా అంతే.

ఇప్పుడు నేను కడుతున్నది ఇది: వెడ్జ్, ఒక సాదా ఎక్స్‌వింగ్, ఎదుటి నౌక కదలికను కట్టేసే అయాన్ కానన్ టరెట్ అనే తుపాకీ ఉన్న వైవింగ్ నౌకలు రెండు. వైవింగ్ తప్పించుకోలేదు, దాని ఎజిలిటీ, అంటే పచ్చ పాచికల లెక్క, 1 మాత్రమే. కానీ ఆరు హల్ (నౌక ఒంటి బలం), రెండు షీల్డులు (పై కవచం) కలిపి ఎనిమిది దెబ్బలు కాస్తుంది. దాని అసలు పని అయాన్. రెండు దెబ్బలు తగిలితే ఒకటి నష్టం, రెండోది అయాన్ టోకెన్. చిన్న నౌకకు ఒక్క టోకెన్ చాలు, తరువాతి రౌండులో అది నేరుగా ఒక్క అడుగే వేయగలదు. అది ఎక్కడ ఆగుతుందో మనకు ముందే తెలుసు. చివర కదిలే వెడ్జ్‌కు అంతకంటే కావాల్సిందేముంది? సాదా ఎక్స్‌వింగ్ ఇనిషియేటివ్ తక్కువ కాబట్టి అడ్డం నిలబడే పని దానిది.

ఇంకొక మాట. ఒక్క హల్ మిగిలిన నౌక కూడా పూర్తి పాచికలతోనే కాలుస్తుంది. అందుకే అందరూ కలిసి ఒకదాన్నే ముగించండి, దెబ్బలు పంచకండి. పాయింట్లు కార్డుల మీద ఉండవు, చాలాసార్లు మారాయి కూడా. కాబట్టి మీ బృందం వాడే జాబితాతో సరిచూసుకోండి.

ఈ ఆటకు కొత్త సరుకు ఆపేస్తున్నట్టు 2024లో అటామిక్ మాస్ గేమ్స్ ప్రకటించింది. వాడినవి కొనేటప్పుడు వైవింగ్ ఇంజన్ల వెనకున్న ఈ సన్నని కడ్డీలు పగిలి ఉన్నాయేమో చూడండి. పెట్టెలో డయల్ ఉందో లేదో తప్పకుండా అడగండి.

వచ్చే ఆదివారం బావ మళ్లీ వస్తున్నాడు. ఈ నాలుగు నౌకలతోనే ఆడతాను, ఆటంతా రికార్డు చేసి పెడతాను.